ఇంటి అప్పుకు సంఘం పూచీ

తెలుగు పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాలు 1990 తర్వాత విస్తరించాయి. ఒక వాడలోని పది, పదిహేను మంది ఆడవాళ్లు కూడి, తలా కొద్ది మొత్తం జమ చేసుకుని, ఆ సొమ్ములోంచే ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవడం వీటి పద్ధతి. బయటి నుంచి అప్పు తెచ్చుకున్నప్పుడు ఒకరి బాకీకి మిగతావాళ్లంతా పూచీ. ఈ ఉమ్మడి పూచీయే సంఘానికి ఆయువుపట్టు. దీని ఆసరాతో లక్షల ఇళ్లు వడ్డీ వ్యాపారి గుప్పిట్లోంచి బయటపడ్డాయి. ఇదే పూచీ కొన్నేళ్ల తర్వాత అవే ఊళ్లలో ఆడవాళ్ల మెడకు చుట్టుకుంది.

సంఘాలు రాకముందు కూలి ఇంటికైనా సన్నకారు రైతు ఇంటికైనా అప్పు పుట్టే చోట్లు మూడే: షావుకారు, భూస్వామి, బంధువు. వడ్డీ లెక్క నెలకు, వందకు ఇన్ని రూపాయలని. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడంటే 36, ఐదంటే 60. రెండు రూపాయల వడ్డీని ఊళ్లో ధర్మవడ్డీ కిందే జమకట్టేవారు. గింజలు అప్పు తెచ్చుకుంటే నాగు. వానాకాలంలో బస్తా తీసుకుంటే పంట ఇంటికొచ్చాక బస్తాన్నర కొలవాలి. ప్రోనోటు మీద సంతకమో వేలిముద్రో పడేది. నోటు మీద రాసిన మొత్తం చేతికొచ్చిన మొత్తం కంటే ఎక్కువ ఉండటం కూడా కొత్తేమీ కాదు. చెవుల కమ్మలు, ఇత్తడి బిందె, చివరికి చెక్క పొలం కుదువకు పోయేవి. జబ్బు, పెళ్లి, వాన ఎగ్గొట్టిన ఏడు, మగవాడి సారా ఖాతా, ఇవీ అప్పుకు దారితీసే కారణాలు. వీటిలో ఒక్కటి కూడా ఆదాయం తెచ్చిపెట్టేది కాదు కాబట్టి, అసలు అలాగే నిలిచిపోయి ఏళ్ల తరబడి వడ్డీ కడుతూనే ఉండాల్సి వచ్చేది.

ప్రభుత్వాలు దీన్ని గుర్తించక పోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి 1895, 1897 సంవత్సరాల్లో ఇచ్చిన నివేదికలు జర్మనీలో రైఫైజెన్ నడిపిన గ్రామ పరపతి సంఘాలను ఆదర్శంగా చూపాయి. ఊళ్లో ఒకరినొకరు ఎరిగినవాళ్లే సభ్యులుగా ఉండాలి, ఒకరి బాకీకి అందరూ పూచీ పడాలి అన్నది ఆ సంఘాల కట్టుబాటు. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టం గ్రామీణ సంఘాలకు ఈ సూత్రాన్నే పెట్టింది. రాజాజీ ప్రభుత్వం తెచ్చిన 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం ఇంకో అడుగు వేసి, అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ తీరినట్టేనంది. ఇంత జరిగినా 1951-52లో రిజర్వు బ్యాంకు చేయించిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో తేలిన లెక్క నిరాశ కలిగించేదే. పల్లె అప్పుల్లో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులదే, సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర. సహకార సంఘంలో సభ్యత్వం దక్కింది భూమి ఉన్న మగవాళ్లకే. కూలి మనిషికి, అందులోనూ ఆడమనిషికి, ఆ గుమ్మం తొక్కే అవకాశం రాలేదు.

ఆ గుమ్మంతో పని లేకుండా మరో దారి నెల్లూరు జిల్లాలో మొదలైంది. 1991లో జిల్లాలో అక్షరదీపం పేరుతో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదువుతో పాటు తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్నారు, సారాకు పోయే కూలి డబ్బులు లెక్కగట్టారు. జిల్లాలోని దూబగుంట ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా అంటుకుని, సారా వేలంపాటలు జరగనివ్వని స్థితికి చేరింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. సారా దుకాణానికి పోకుండా మిగిలిన డబ్బులో రోజుకొక రూపాయి దాచమని చెప్పిన కార్యక్రమమే ‘పొదుపు లక్ష్మి’. పొదుపు సంఘాలను ప్రభుత్వం ఇచ్చిన వరంగా చెప్పుకోవడం వాడుక. నెల్లూరులో మాత్రం ముందు నడిచింది ఆడవాళ్లే, పథకం వాళ్ల వెనక వచ్చింది.

రోజుకు రూపాయి అంటే మనిషికి నెలకు 30, పదిహేను మంది సంఘానికి 450, ఏడాదికి 5,400. షావుకారు దగ్గర ఒక ఇంటికి ఉన్న బాకీ తీర్చడానికి కూడా ఇది చాలకపోవచ్చు. దాని బలం తిరగడంలో ఉంది. నెలకోసారి, కొన్నిచోట్ల వారానికోసారి, పొద్దుగూకాక బడి వరండాలోనో ఒకరి ఇంటి అరుగు మీదో సమావేశం. ముందు హాజరు, తర్వాత పొదుపు జమ, ఆ తర్వాత పాత అప్పుల వాయిదాలు. చేతిలో పోగైన డబ్బు ఎంతో అందరికీ వినపడేలా చెప్పాక అసలు మాట మొదలవుతుంది: ఈసారి ఎవరికి? ఒకరు పిల్లాడి ఆస్పత్రి ఖర్చుకు అడుగుతారు, ఒకరు కుదువలో ఉన్న కమ్మలు విడిపించుకోవడానికి, ఒకరు మేకపిల్లలు కొనుక్కోవడానికి. ఎవరి అవసరం ఆగేది, ఎవరిది ఆగనిది అన్నది వాళ్లే తేల్చుకుంటారు. తేల్చింది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కుతుంది, కింద సంతకాలు పడతాయి. చదువొచ్చినవాళ్లు లేని సంఘాల్లో ఊళ్లో పదో తరగతి చదివిన పిల్లెవరో వచ్చి లెక్క రాసిపెట్టేది. సంఘం లోపలి అప్పుకు వడ్డీ చాలా చోట్ల నూటికి రెండు రూపాయలే, ఊళ్లో ధర్మవడ్డీతో సమానం. తేడా ఏమిటంటే ఆ వడ్డీ తిరిగి సంఘం నిధిలోనే పడుతుంది, కట్టిన మనిషికీ అందులో వాటా ఉంటుంది.

ఈ సమావేశం చేసిన మేలు లెక్కల పుస్తకంలో కనిపించేది కాదు. అప్పు అంతవరకు ఇంటి గుట్టు. మొగుడు ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో భార్యకే తెలియని ఇళ్లు ఎన్నో. నలుగురిలో కూర్చుని తన బాకీ పైకి చెప్పాక, ఎదుటి ఆమెదీ అలాంటి బతుకేనని తెలిశాక, సిగ్గు పోయి లెక్క మిగిలేది. వాయిదా కట్టలేని ఆమె ఇంటికి ఇద్దరు ముగ్గురు వెళ్లి సంగతి కనుక్కునేవారు. జబ్బయితే గడువు పెంచేవారు, ఆ నెల వాయిదా తలా కొంత వేసుకుని సర్దేవారు.

పొదుపు నిలదొక్కుకున్నాక బ్యాంకు వచ్చింది. కర్ణాటకలో మైరాడా వంటి సంస్థల అనుభవం చూసి, రిజర్వు బ్యాంకు 1991లో ఇచ్చిన సూచన మీద నాబార్డు 1992లో 500 సంఘాలతో బ్యాంకు అనుసంధానం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. రిజిస్ట్రేషన్ లేని సంఘం పేరుతో ఖాతా తెరవడం, తాకట్టు లేకుండా పొదుపుకు రెండింతలు, నాలుగింతలు అప్పివ్వడం బ్యాంకులకు అలవాటు లేని పని. హామీ పత్రం బదులు మేనేజరు చూసింది తీర్మానాల పుస్తకాన్నే. 1982లో దేశంలో ఎంపిక చేసిన కొన్ని జిల్లాల్లో మొదలైన డ్వాక్రా పథకం 1990ల నడుమ ఆంధ్రప్రదేశ్‌లో ఊపందుకుని సంఘాలకు మూలనిధి ఇచ్చింది. 1999 ఏప్రిల్‌లో ఆ పథకం వేరే పథకంలో కలిసిపోయినా, డ్వాక్రా గ్రూపు అన్న పేరు మాత్రం నేటికీ జనం నోట నిలిచింది.

ప్రభుత్వ పథకాలతో సంబంధం లేని పాయ ఒకటి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో సాగింది. సహకార వికాస సంస్థ తోడ్పాటుతో అక్కడ 1990 నుంచి ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు వెలిశాయి. సబ్సిడీ తీసుకోరు, బయటి అప్పు మీద ఆధారపడరు, సభ్యుల పొదుపే పెట్టుబడి. సభ్యురాలు చనిపోతే ఆమె బాకీ పిల్లల నెత్తిన పడకుండా తీర్చడానికి ఉమ్మడి నిధి పెట్టుకున్నారు. అప్పుల్లో ఉన్న ఇంటికి చావు తెచ్చే భయం ఎలాంటిదో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటది. ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘాలు నడుపుకునే వీలు కల్పించిన 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వెనక ఈ సంస్థ కృషి ఉంది.

అదే సమయంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో జరిగిన ప్రయత్నం సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా కూర్చింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండల సమాఖ్య పేరు అప్పటి నుంచే ప్రచారంలోకి వచ్చింది. ఆ నమూనా మీదే 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆరు జిల్లాల్లో ‘వెలుగు’ మొదలైంది, కొన్నేళ్లకు ఇందిరా క్రాంతి పథంగా మారింది. ఇంటి అప్పు కోణంలో చూస్తే వెలుగు తెచ్చిన ముఖ్యమైన పని సూక్ష్మ రుణ ప్రణాళిక. ఒక్కో ఇంటి ఆదాయం, ఖర్చు, ఎవరి దగ్గర ఎంత బాకీ, ఏ వడ్డీకి, ఏది ముందు తీర్చాలి అన్నది సంఘం కూర్చుని కాగితం మీద పెడుతుంది. బ్యాంకు నుంచి వచ్చే అప్పును ఆ కాగితం ప్రకారం పంచుకుంటారు. ఐదు రూపాయల వడ్డీ బాకీ ఉన్న ఇంటికి ముందు వంతు. బియ్యం కోసం కిరాణా కొట్లో పడే ఖాతా తగ్గించడానికి గ్రామ సంఘాలు బియ్యం టోకున కొని, సభ్యులకు వాయిదాల మీద ఇచ్చాయి.

2004లో వచ్చిన పావలా వడ్డీ పథకం, వాయిదాలు తప్పని సంఘాలకు ఏడాదికి 3 శాతం మించిన వడ్డీని ప్రభుత్వం తిరిగి చెల్లించేలా చేసింది. 10,000 రూపాయల అప్పు మీద మూడు రూపాయల వడ్డీకి ఒక్క నెలలో కట్టే 300, పావలా వడ్డీకి ఏడాది పొడుగునా కట్టే మొత్తంతో సమానం. 2008లో రిజర్వు బ్యాంకు సంఘ సభ్యుల మొత్తం రుణ అవసరాలు తీర్చమని బ్యాంకులను కోరింది. ఆదాయం తెచ్చే పనులకే కాక ఇల్లు, చదువు, పెళ్లి వంటి అవసరాలకు, పాత బాకీలు మార్చుకోవడానికి కూడా అప్పివ్వవచ్చంది. షావుకారు బాకీ తీర్చడం కోసం బ్యాంకు అప్పివ్వడమా అని అంతకు ముందు ముఖం చిట్లించిన వ్యవస్థ, పేదింటికి మొదటి అవసరం అదేనని ఒప్పుకోవడం పెద్ద మలుపు.

సరిగ్గా ఈ సంఘాలు కుదురుకున్న ఊళ్లలోకే సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకు పద్ధతిని తెచ్చుకున్న ఇవి తీసుకున్నది సంఘంలోని పూచీ భాగాన్నే. పొదుపు లేదు, తమలో తాము అప్పిచ్చుకోవడం లేదు, ఎవరికి ఎంత అన్నది తేల్చుకునే హక్కు లేదు. వారం వారం వాయిదా, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి. ఒకామె వాయిదా తప్పితే ఆమె వచ్చేదాకా అందరినీ కూర్చోబెట్టేవారు. నిన్నటిదాకా గడువు పెంచమని మాట సాయం చేసిన పక్కింటామె, ఇవాళ తన డబ్బు పోతుందని గుమ్మం ముందు నిలబడి నిలదీయాల్సి వచ్చింది. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు, దానికి మళ్లీ షావుకారు. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం రెండు కంపెనీలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించింది. అయినా ఆ వ్యాపారం పెరుగుతూ పోయి 2010 ఆగస్టులో షేర్ మార్కెట్ దాకా వెళ్లింది. ఆ కొద్ది వారాల్లోనే వసూళ్ల ఒత్తిడికి ఆడవాళ్ల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. 2010 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు, ఆపై చేసిన చట్టం ఇంటికి వచ్చి వసూలు చేయడాన్ని, తాకట్టు అడగడాన్ని నిషేధించాయి. వడ్డీ మొత్తం అసలును మించరాదని, వసూలు పంచాయతీ కార్యాలయం వంటి చోటే జరగాలని అన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కంపెనీల వసూళ్లు దాదాపు ఆగిపోయాయి.

అత్యవసరానికి సంఘం సొమ్ము చాలకపోవడం, బ్యాంకు అప్పు ఆలస్యం కావడం వల్లే ఆడవాళ్లు కంపెనీల దగ్గరకు వెళ్లారన్నది ఆ సంక్షోభం బయటపెట్టిన నిజం. దానికి జవాబుగా 2011లో సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి స్త్రీనిధి పరపతి సహకార సమాఖ్యను పెట్టాయి. అడిగిన 48 గంటల్లో అప్పు అందించడం దాని లక్ష్యం. 2012 జనవరి నుంచి పావలా వడ్డీ స్థానంలో వడ్డీ లేని రుణాలు వచ్చాయి. తర్వాతి దెబ్బ ఎన్నికల వైపు నుంచి తగిలింది. 2014లో రుణమాఫీ హామీ విని చాలా సంఘాలు వాయిదాలు ఆపాయి. మాఫీ అనుకున్నట్టు రాలేదు, బకాయి మీద వడ్డీ పెరిగింది. మాఫీతో ఊరట పొందిన ఇళ్లు లేవనడం అన్యాయం. కానీ క్రమం తప్పకుండా కట్టిన సంఘాన్నీ ఆపేసిన సంఘాన్నీ ఒకే గాటన కట్టడం వల్ల, ఏళ్ల తరబడి పోగుచేసుకున్న కట్టుబాటు సడలింది. సమావేశం జరపకుండా వాయిదా డబ్బు మాత్రం లీడరు చేతికిచ్చి పంపే అలవాటు చాలా ఊళ్లలో కనిపిస్తోంది. అలాంటి చోట సంఘం పేరుకే మిగిలినట్టు లెక్క.

2011 జూన్‌లో కేంద్రం ప్రారంభించిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ తన నిర్మాణంలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్ సమాఖ్యల నుంచే తీసుకుంది. బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో సంఘాలు కట్టడానికి తెలుగు పల్లెల నుంచి అనుభవం ఉన్న సభ్యులు జట్లుగా వెళ్లారు. భాష అంతంత మాత్రంగా వచ్చిన ఆ ఆడవాళ్లు కొత్త ఊళ్లలో రోజుల తరబడి మకాం వేసి, తమ బాకీలు ఎలా తీరాయో చెప్పి, మొదటి సమావేశాలు దగ్గరుండి జరిపించి, లెక్క పుస్తకాలు రాయడం నేర్పి వచ్చారు.