వెన్న ముందు

జనవరి. పొద్దున్న ఏడైనా బయట ఇంకా చీకటే. వంటింటి కిటికీ అద్దానికి చెమట పట్టింది. తలుపు సందులోంచి ఆ వాసన వస్తోంది. గింజలు ఉడుకుతున్నట్టు, ఎక్కడో చారు అడుగంటినట్టు, కాస్త ఉప్పగా. బర్టన్ ఆన్ ట్రెంట్‌లో గాలి ఫ్యాక్టరీ వైపునుంచి వీస్తే ఇంతే. ఊళ్లోవాళ్లకి అలవాటైపోయింది. నాకు మూడు నెలలైనా ముక్కు ఊరుకోదు.

బల్ల మీద పొట్టిగా, బొజ్జతో ఉన్న నల్లసీసా, దానికి పసుప్పచ్చ మూత. ఆ ఫ్యాక్టరీదే, రొట్టెకి రాసుకునే మార్మైట్. చీటీ మీద మూతపెట్టిన గిన్నె బొమ్మ ఉంది. ఫ్రెంచివాళ్లు ఆ గిన్నెని మర్మీత్ అంటారు, పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

దీనికీ నాకూ పాత గొడవ. వచ్చిన మొదటి వారం రంగు చూసి బెల్లంపాకం అనుకున్నాను. చెంచా నిండా తీసి జామ్ పట్టించినట్టు రొట్టెకి పట్టించాను. కొరికితే ఉప్పుగల్లు నమిలినట్టే ఉంది. దాని వెనకే చేదు. సింకు దాకా పరుగు. ఇంటావిడ నవ్వలేదు. "రేపు నేను రాసిస్తాలే, డక్" అంది. ఈ ఊళ్లో అందరూ అందర్నీ డక్ అనే పిలుస్తారు, మనం 'నాన్నా', 'బంగారం' అన్నట్టు. నన్ను పట్టుకుని బాతంటుందేమిటని మొదట్లో చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఆ రేపు రాకుండా మూడు నెలలు తప్పించుకు తిరిగాను. ఇవాళ దొరికిపోయాను.

టోస్టర్లోంచి రొట్టె పైకెగిరింది. ఆవిడ దాన్ని చల్లారనివ్వదు. వెన్న ముందు. అంచుల దాకా రాసి, అది కరిగి రొట్టె కన్నాల్లోకి దిగేదాకా ఆగింది. అప్పుడు కత్తి మొన సీసాలో ముంచి పైకి తీసింది. నల్లటి తీగ సాగింది. మణికట్టు ఒక్కసారి తిప్పి తెంపింది. మొన మీద మిగిలింది శనగబద్దంత. అంతే! దాన్నే వెన్న మీద గీకుతూ పోయింది. రాసింది అనడం కూడా ఎక్కువే, మరక చేసింది. పసుపు మీద అక్కడక్కడా గోధుమరంగు చారలు.

కొరికాను. ముందు వెన్న తగిలింది. తర్వాత ఉప్పు. ఆ తర్వాత నాలుక రెండు పక్కలా నీళ్లూరించే కమ్మదనం. ఇది నాకు తెలిసిన రుచే. ఎక్కడ తిన్నాను?

రెండో ముక్కకి తెలిసింది. ఉలవచారు!

అమ్మమ్మ ఊళ్లో ఎడ్లకి ఉలవలు ఉడకేసేవాళ్లు. గింజలు వాటికి, నీళ్లు మనకి. ఆ నీళ్లు నల్లగా చిక్కబడేదాకా మరగాలి. వేడన్నంలో కలిపి, పైన ఇంత వెన్నపూస వెయ్యాలి. వట్టి ఉలవచారు గరిటెడు నోట్లో పోస్తే ఎవరైనా సింకు వెతుక్కుంటారు. ఇక్కడా మిగిలినదాంతోనే వంట. ఈ ఊరు బీరు కాచే ఊరు. కాచాక మిగిలే ఈస్ట్ కోసమే 1902లో కంపెనీ ఇక్కడ పెట్టారు. ఈస్ట్‌లో ఉప్పు వేస్తే కణాలు ముడుచుకుపోయి, తమ మాంసకృత్తుల్ని తామే అరిగించుకుంటాయి. అలా పుట్టిన గ్లుటమేట్‌దే ఈ కమ్మదనం. పొట్టు వడకట్టి, రసాన్ని చిక్కబెడితే ఇదిగో, ఈ సీసా.

"మా అమ్మ కడుపుతో ఉన్నప్పుడు రోజూ తినేదట" అంది ఆవిడ, టీ పోస్తూ.

తెలివైన పనే. 1928లో బొంబాయి వెళ్లిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు, నూలుమిల్లుల్లో పనిచేసే గర్భిణులకి మార్మైట్ పెట్టి రక్తహీనత తగ్గించింది. అందులో ఉన్న మందు ఏమిటో అప్పటికి తెలీదు. అదే ఫోలిక్ ఆమ్లం. 1940లలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇదంతా చెబితే ఆవిడ తాపీగా విన్నది.

"అయితే మీవాళ్లకి ఇది కొత్తేం కాదన్నమాట. నువ్వే ఆలస్యం" అంది.

రెండో రొట్టెకి కత్తి నా చేతికిచ్చింది. ముంచాను, తీశాను, ఆవిడలాగే మణికట్టు తిప్పాను. తీగ తెగలేదు. మొన మీద శనగబద్ద కాదు, ఉసిరికాయంత ముద్ద వచ్చింది.

ఆవిడ ఏమీ అనలేదు. వెన్న గిన్నె నా వైపు జరిపింది.