తోప్ కా సాంచా: కార్ఖానా నిజాందే, మరమ్మతు ఎవరిది?

సైన్య సహకార పద్ధతి మీద మనలో చాలామంది రాసే జవాబు ఒకే అచ్చులో ఉంటుంది. వెల్లస్లీ ప్రవేశపెట్టాడు, 1798లో నిజాం చేరాడు, షరతులు ఇవి, ఫలితాలు ఇవి. తప్పేమీ లేదు, మార్కులు కూడా వస్తాయి. కానీ ఆ జవాబు చదివితే నిజాం దగ్గర ఆయుధాలే లేవేమో, అందుకే కంపెనీ సైన్యాన్ని అద్దెకు తెచ్చుకున్నాడేమో అనిపిస్తుంది. నిజానికి ఒప్పందానికి సుమారు మూడేళ్ల ముందే హైదరాబాద్‌లో ఫిరంగులు, ఫిరంగి గుండ్లు పోత పోసే కార్ఖానా ఉంది. దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఫతే మైదాన్ దగ్గర నేటి గన్‌ఫౌండ్రీ పేటకు ఆ పేరు దాని వల్లే వచ్చింది. సొంత కార్ఖానా ఉన్న పాలకుడు మూడేళ్లలో పరాయి సైన్యానికి ఏడాదికి 24,17,100 రూపాయలు కట్టే స్థితికి ఎలా వచ్చాడు? ఈ ప్రశ్న వేసుకుంటే పాఠం వేరేగా కనిపిస్తుంది.

ముందు పోత పని గురించి కాస్త తెలుసుకోవాలి. పుస్తకాల్లో ఈ భాగం ఉండదు, కానీ అసలు కథ ఇక్కడే ఉంది.

తుపాకీ గుండు పోయడం తేలిక. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పట్టకారులాంటి ఇత్తడి అచ్చు, ఒక మూకుడు, నిప్పు ఉంటే సిపాయి తన గుండ్లు తానే పోసుకోగలడు. ఫిరంగి సంగతి అలా కాదు. కంచు కరగాలంటే తొమ్మిది వందల డిగ్రీలు దాటాలి, పోత ఇనుముకు ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఆ వేడికి కొలిమి లోపలి పూత కాలిపోతూనే ఉంటుంది, మళ్లీ మళ్లీ పూయాలి. కంచు ఫిరంగికి చేసే మట్టి అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది. ఫిరంగిని బయటికి తీయాలంటే దాన్ని పగలగొట్టాల్సిందే. అంటే సాంచా అన్నది ఒకసారి కొని పెట్టుకునే వస్తువు కాదు. ప్రతి ఫిరంగికీ కొత్తగా చేయగల మనిషే సాంచా.

గుండ్ల అచ్చులు మళ్లీ మళ్లీ వాడవచ్చు, కానీ వాడేకొద్దీ అరుగుతాయి. రెండు సగాలు సరిగా మూసుకోకపోతే గుండు నడుము చుట్టూ అంచు లేస్తుంది. గుండు కాస్త పెద్దదైతే గొట్టంలో ఇరుక్కుంటుంది. చిన్నదైతే మందు పేలిన ఊపు పక్క సందుల్లోంచి పోయి దెబ్బ తగ్గుతుంది. 1765 నుంచి ఫ్రెంచివారు గ్రిబోవాల్ పద్ధతిలో దీన్ని అదుపు చేశారు. ప్రతి గుండునూ రెండు ఇనుప వలయాలతో కొలిచేవారు. పెద్ద వలయంలోంచి దూరాలి, చిన్నదానిలోంచి దూరకూడదు. ఫిరంగికీ జబ్బులుంటాయి. కాల్చగా కాల్చగా కంచు ఫిరంగి నిప్పు పెట్టే రంధ్రం వెడల్పవుతుంది, అక్కడ రాగి బిళ్ల బిగించి కొత్తగా తొలవాలి.

ఆ రోజుల్లో వారంటీ కాగితం లేదు. దానికి దగ్గరగా ఉన్నది పరీక్ష ముద్ర. మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి కాల్చి చూసేవారు, పగలకుండా నిలిచిన గొట్టం మీద ముద్ర కొట్టేవారు. లండన్ తుపాకీ తయారీదారుల సంఘానికి 1637 నుంచే అధికార పత్రం ఉంది. కానీ ముద్ర చెప్పేది ఆ రోజు సంగతే. పదేళ్ల తర్వాత అరిగిన గొట్టానికి పూచీ ఎవరు? ఇక్కడ షాదీపూర్‌లో ఏదైనా మిషను కొనేటప్పుడు మొదట అడిగేది ధర కాదు, ఇది పాడైతే మనిషి చెన్నై నుంచి ఓడెక్కి రావాలా అని. ఉప్పు గాలికి ఇనుము ఎంత త్వరగా తినుకుపోతుందో ద్వీపంలో అందరికీ తెలుసు. నిజాం అలీ ఖాన్ ఈ ప్రశ్న అడిగినట్టు కనిపించదు. అడిగినా ఆయనకు దొరికిన జవాబు ఒక మనిషి పేరే: రేమండ్.

మిషెల్ జోకిం మరీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. 1775లో పుదుచ్చేరి వచ్చాడు, 1780ల మధ్యలో నిజాం కొలువులో చేరాడు. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడిపోయినప్పుడు గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. కోపం వచ్చిన నిజాం తన దగ్గరున్న రెండు ఇంగ్లిష్ పటాలాలను పంపించేశాడు. రేమండ్ పలుకుబడి పెరిగింది, పటాలాలూ పెరిగాయి. తోప్ కా సాంచా కట్టింది ఆ సమయంలోనే. జనం ఆయన్ని మూసా రాముడన్నారు, మూసా రహీం అన్నారు. మూసారాంబాగ్ పేరు ఆయనదే అని చెబుతారు. మన భాషలో మూస అంటే లోహం కరిగించే పాత్ర కూడా. ఇది కేవలం యాదృచ్ఛికమే, జవాబు పత్రంలో రాయకండి.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. పటాలాల మీద ఆయన తర్వాతివాడు పిరాన్‌కు ఆ పట్టు లేదు. సెప్టెంబర్ 1న ఒప్పందం కుదిరింది. ఫలితాల జాబితాలో మనం ఒక వాక్యంగా దాటేసే షరతును ఇక్కడ ఆగి చదవాలి: ఫ్రెంచి అధికారులను తొలగించాలి, పటాలాలను రద్దు చేయాలి, ఇక మీద ఫ్రెంచివారిని అసలు పెట్టుకోకూడదు, కంపెనీ అనుమతి లేనిదే ఏ ఐరోపావాసినీ పెట్టుకోకూడదు. ఇందులో కొలిమిని కూల్చమని లేదు, అచ్చులు పగలగొట్టమని లేదు. ఆ అవసరం లేదు కూడా. అక్టోబర్ 22న కంపెనీ సేన ఫ్రెంచి శిబిరాన్ని చుట్టుముట్టింది. జీతాల బకాయిల కోసం సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉన్నారు. పది వేలకు పైగా ఉన్న దళం రక్తపాతం లేకుండా ఆయుధాలు దించింది. రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, ఆయనకు తోడుగా జాన్ మాల్కం ఈ పని నడిపించారు.

వెల్లస్లీ తెలివి గురించి పేజీలు రాస్తారు. నా ఉద్దేశంలో సగం పని ఆయన రాకముందే అయిపోయింది. పని తెలిసిన మనిషి ఒక్కడే అయి, అతని కింద ఆ విద్య నేర్చిన స్థానిక మేస్త్రీల వరుస తయారు కానప్పుడు, ఆ మనిషిని తీసేస్తే చాలు. కంచు పోయగల కంచరులు, ఇనుము తెలిసిన కమ్మరులు దక్కన్‌లో లేరా? ఉన్నారు. తెలంగాణ ఉక్కు పశ్చిమాసియా దాకా వెళ్లిన నేల ఇది. కానీ కార్ఖానా పెద్దరికం వారికి ఇవ్వలేదు. దీనికి పక్కన పెట్టి చూడదగినది లాహోర్. రంజిత్ సింగ్ దగ్గర కూడా కోర్ అనే ఫ్రెంచి అధికారి ఉన్నాడు, కానీ ఆయుధ కార్ఖానాల్లో లెహ్నా సింగ్ మజీథియా లాంటి స్వదేశీ నిపుణుడూ ఉన్నాడు. సిక్కు ఫిరంగి దళం 1840ల యుద్ధాల్లో కంపెనీకి చెమటలు పట్టించింది. చివరికి వారూ ఓడిపోయారు నిజమే, కానీ ఒక మనిషి చావుతో కాదు.

కంపెనీ మాత్రం తన ఫిరంగుల సంగతి ఇంకొకరికి అప్పగించలేదు. కలకత్తా దగ్గర కాసీపూర్‌లో 1801లో ఫిరంగి బండ్ల కార్ఖానా పెట్టింది, 1802 మార్చి 18న ఉత్పత్తి మొదలైంది. ఆ తేదీనే నేటికీ ఆయుధ కర్మాగారాల దినోత్సవంగా జరుపుతారు. ప్రిలిమ్స్‌కు పనికొచ్చే ముక్క, గుర్తుపెట్టుకోండి.

ఇక ఖర్చు లెక్క. సైన్యం పోషణను బయటివారికి అప్పగించడం హైదరాబాద్‌కు 1798తో మొదలవలేదు. 1753లోనే సలాబత్ జంగ్ బుస్సీ సైన్యం ఖర్చుకు ఏలూరు, ముస్తఫానగర్, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఇచ్చాడు. ఈ ద్వీపాల్లోని తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలం శ్రీకాకుళం, విశాఖ వైపే. వారి పూర్వీకుల ఊళ్ల శిస్తు ఒకప్పుడు ఫ్రెంచి తుపాకుల పోషణకు పోయిందన్నమాట. 1800 అక్టోబర్ 12 ఒప్పందంతో నగదు బదులు నేల ఇచ్చారు: బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. దత్త మండలాలు ఇవే. వీటికి రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో వచ్చింది. తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ పేరుతో ఇంకో దళం, దాని జీతాల కోసం పామర్ కంపెనీ దగ్గర అప్పులు, ఆ తర్వాత కూడా బకాయిలు. 1853లో డల్హౌసీ ఆ బకాయిల కింద బీరార్ రాయించుకున్నాడు. మెయిన్స్‌లో 1753, 1800, 1853లను వేరువేరు అధ్యాయాలుగా కాక ఒకే పద్దులో మూడు చెల్లింపులుగా రాసి చూడండి. నిర్వహణ రుసుము కట్టలేనివాడు ప్రతిసారీ భూమి కట్టాడు.

ఈ పద్దుతో అండమాన్‌కూ సంబంధం ఉంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. రెసిడెన్సీ వైపు ఫిరంగులున్నాయి, దాడి నిలవలేదు. మక్కా మసీదు ఇమాం అయిన అల్లావుద్దీన్‌ను ఈ ద్వీపాలకు పంపారు, ఆయన ఇక్కడే చనిపోయాడు. సెల్యులార్ జైలు అప్పటికి లేదు, అది 1906లో పూర్తయింది. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు, జాగ్రత్త.

వర్తమానానికి కలపాలంటే జీఎస్-3లో రక్షణ ఉత్పత్తి ఉంది. 2021 అక్టోబర్ 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా మార్చారు. తూటాలు, గుండ్లు మ్యూనిషన్స్ ఇండియాకు, మెదక్ ఎద్దుమైలారం కర్మాగారం ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్‌కు వెళ్లాయి. విదేశీ ఆయుధం కొనేటప్పుడు సాంకేతిక బదిలీ గురించి చర్చ వచ్చినప్పుడల్లా అడగాల్సింది ఒకటుంది: బదిలీ అయ్యేది బొమ్మ గీసిన కాగితమా, ముప్పై ఏళ్ల తర్వాత విడిభాగం తయారు చేయగల చెయ్యా?

కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనాన్ని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో బాగుచేశారు, స్తంభాలు మళ్లీ తెల్లగా నిలబడ్డాయి. అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న తోప్ కా సాంచాలో మిగిలింది దుకాణాల మధ్య కొన్ని పాత గోడలే.