నెదర్లాండ్స్ నగరములలో సైకిలు ప్రయాణము

నెదర్లాండ్స్ దేశమునందు సైకిలు ఆబాలవృద్ధులకు నిత్యవాహనమై యుండుటకు అచ్చటి భూమి సమతలమగుటయే కారణమని పెక్కుమంది తలంతురు. కాని 1924లో ప్రభుత్వము ప్రత్యేకముగా పన్ను విధింపదగినంత విరివిగా జనులు సైకిళ్లు తొక్కిన ఆ నేలమీదనే, రెండవ ప్రపంచయుద్ధానంతరము కార్లు పెరిగినకొలది సైకిలు వెనుకబడెను. మోటారు రహదారులకొఱకు నగరపాలకులు పాతయిండ్లను పడగొట్టుటకును, కాలువలను పూడ్చుటకును పూనుకొనిరి. కావున సైకిలు పునరుద్ధరణము నేల చలువ కాదు. ప్రజల పట్టుదలకును పాలకుల నిర్ణయములకును ఫలము.

ఆ పట్టుదల దుఃఖమునుండి పుట్టినది. 1971వ సంవత్సరమున ఆ చిన్నదేశమందు 3,000కు పైగా జనులు రోడ్డు ప్రమాదములలో మరణింపగా, వారిలో 400కు మించి పిల్లలే యుండిరి. తన కుమార్తెను అట్లు కోల్పోయిన పాత్రికేయుడు విక్ లాంగెన్‌హాఫ్ 1972లో ప్రకటించిన వ్యాసము 'శిశుహత్య నాపుడు' అను ఉద్యమమునకు నాంది యయ్యెను. మరుసటి యేట చమురు కొఱత ఏర్పడగా, ప్రభుత్వము కొన్ని ఆదివారములందు కార్లను నిషేధించెను. కార్లులేని వీథి యెట్లుండునో ప్రజలు కన్నులార చూచిరి.

పాలకుల సాహసమునకు గ్రోనింగెన్ నగరము ఉత్తమోదాహరణము. 1977 సెప్టెంబరులో, మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అను యువనాయకుని పూనికతో, నగరమధ్యమును నాలుగు భాగములుగా విభజించి, ఒక భాగమునుండి మరియొక భాగమునకు కారు నేరుగా పోవుటకు వీలులేకుండ జేసిరి. కారులో పోవువాడు వెలుపలి వలయమార్గమునకు పోయి చుట్టి రావలయును, సైకిలు తొక్కువాడు తిన్నగా పోవచ్చును. వర్తకులు తమ వ్యాపారములు చెడునని తీవ్రముగా ప్రతిఘటించినను పథకము నిలిచినది. ఇందలి యుక్తి మిక్కిలి శ్లాఘనీయము: సైకిలు తొక్కుడని జనులకు బోధించుటతో తృప్తినొందక, దగ్గరి ప్రయాణమునకు సైకిలే శీఘ్రతరమగునట్లు వీథులనే మలచిరి.

హేగ్, టిల్‌బర్గ్ నగరములలో ప్రయోగార్థము ఒక్కొక్క సైకిలు దారిని చక్కగా నిర్మించినను ఆశించినంత మార్పు కలుగలేదు. ఏలయన, ఆ దారి ముగిసినచోట భయము మరల మొదలగును. అందుచేత 1980 ప్రాంతమున డెల్ఫ్ట్ నగరమందు ఊరంతయు నల్లుకొను దారులను, వంతెనలను, సొరంగములను ఏర్పఱచిరి. 1990లో జాతీయ సైకిలు ప్రణాళిక వెలువడెను. 1994నాటి రహదారి చట్టము, కారు ఢీకొని సైకిలువాడు గాయపడినయెడల నష్టపరిహారభారమును సాధారణముగా కారుపక్షముననే యుంచెను. 14 ఏండ్లలోపు పిల్లల విషయమున ఆ రక్షణ మఱింత దృఢము.

సైకిలును రైలుతో జతపఱచుట తరువాతి ఘట్టము. ఉట్రెక్ట్ నగరమున రైల్వేస్టేషను క్రింద 12,500 సైకిళ్లు నిలుపదగిన శాల 2019లో పూర్తియయ్యెను. పూర్వము మోటారు రహదారికై ఎండగట్టిన అచ్చటి కాలువభాగమునకు 2020లో నీటిని తిరిగి మళ్లించిరి.