అప్పజెప్పించుకున్న పాఠం

యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితాన్ని నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం పిల్లలకు చెబుతూనే వచ్చాను. 1895లో భీమవరంలో జననం, మద్రాసులో వైద్యవిద్య, ఆపై అమెరికా ప్రయాణం, అక్కడి పరిశోధనలు. పరీక్షలో అయిదు మార్కులకు సరిపోయేంత చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆయన పరిశోధనల వంశంలో పుట్టిన మందు ఒకటి ఏనాడో మా ఇంటి అలమరలోకి వస్తుందనీ, దానిని వాడే విధానాన్ని ఒక నర్సమ్మ నాకు పాఠంగా చెప్పవలసి వస్తుందనీ అప్పుడు ఊహించలేదు.

ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. దాని కథ ఫోలిక్ ఆమ్లంతో మొదలవుతుంది. కొత్త రక్తకణాలు పుట్టడానికి ఈ విటమిన్ అవసరం. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో దీనిని కృత్రిమంగా తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకాన్సరు సోకిన పిల్లలకు ఈ జాతి పదార్థాలను ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గకపోగా మరింత విజృంభించినట్లు కనిపించింది. అయితే దీనికి విరోధిని ఇస్తే ఏమవుతుందన్న ఆలోచన అందులోంచే పుట్టింది. లెడర్లీ నుంచి వచ్చిన అమినాప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మెథోట్రెక్సేట్ ఈ అమినాప్టెరిన్‌కు తోబుట్టువు. ఫోలిక్ ఆమ్లం వేషం ధరించి కణంలో ప్రవేశించి, కణవిభజనను అడ్డుకుంటుంది. శత్రువును మోసగించిన ఆ మారువేషమే మిత్రులనూ మోసగిస్తుంది. ఎముకల మూలుగ, నోటి పొర, పేగు పొర నిత్యం కొత్త కణాలను పుట్టిస్తూ ఉంటాయి కనుక అవీ దెబ్బతింటాయి. 1951 నాటికే ఈ జాతి మందు కీళ్లవాతానికి పనికివస్తుందని గమనించారు. కాన్సరుకు వాడే పెద్ద మోతాదు కాదు, చాలా చిన్న మోతాదు, అదీ వారానికి ఒక్కసారి. అమెరికాలో ఈ వాడకానికి అధికారికంగా అనుమతి లభించింది 1988లో.

ఆ ‘ఒక్కసారి’ దగ్గరే నా కథ ఉంది.

కొన్నేళ్ల క్రితం నా సహధర్మచారిణికి కీళ్లవాతమని తేలింది. డాక్టరు గారు చీటీ వ్రాసి ఇచ్చారు. మందుల వద్ద నర్సమ్మ అంతా వివరించి, “అర్థమయిందా?” అని అడగలేదు. “మాస్టారూ, పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకునేవారు కదా. ఇప్పుడు నాకు అప్పజెప్పండి” అన్నది. వేల పరీక్షపత్రాలు దిద్దినవాణ్ణి, చీటీ చదవలేనా అన్న ధీమాతో, “రోజూ రాత్రి భోజనమయ్యాక మూడు మాత్రలు” అన్నాను. తక్కిన మందులన్నీ రోజువారీవే. నా నాలుక ఆ వరుసలోనే పోయింది.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. “రోజూ వేస్తే అమ్మగారి ప్రాణానికే ముప్పు. మంగళవారం రాత్రి మాత్రమే” అని, చీటీ మీద ‘మంగళవారం’ అని పూర్తిగా వ్రాసింది. విడిగా వాడవలసిన ఫోలిక్ ఆమ్లం మాత్రలను వేరే డబ్బాలో పెట్టించింది. రెండూ చిన్న పసుపు మాత్రలే మరి. నోటిపూత, జ్వరం, గొంతునొప్పి, పొడిదగ్గు, ఆయాసం, కారణం లేకుండా కమిలిన మచ్చలు - వీటిలో ఏది కనిపించినా తరువాతి మోతాదు వేయకుండా వెంటనే రమ్మన్నది. రక్తపరీక్షలు తప్పించవద్దన్నది. ఇంకెవరైనా డాక్టరు సూక్ష్మజీవుల మందు వ్రాస్తే ముందుగా ఈ మందు సంగతి చెప్పాలన్నది. కొన్నిటితో, ముఖ్యంగా కోట్రైమాక్సజోల్‌తో, దీనికి పొసగదట. ఆ తరువాత మా ఆవిడ చేత కూడా అప్పజెప్పించుకున్నది. ఆమె ఒక్క తప్పు లేకుండా చెప్పింది!

ఇంటికి వచ్చాక చాలాసేపు చేతులు వణికాయి. వ్రాతప్రతులలో లేఖకుడు పొరబడితే పద్యం చెడుతుంది, పండితులు పాఠాంతరం చూసి దిద్దుకుంటారు. ఇక్కడి లేఖకదోషానికి పాఠాంతరం లేదు. బ్రిటన్‌లో పదేళ్ల కాలంలో ఈ మందు వాడకంలోని పొరపాట్ల వల్ల 25 మంది మరణించారని అక్కడి రోగిభద్రతా సంస్థ 2004లో లెక్క చెప్పింది. వారం మందును రోజూ వాడడం వాటిలో ముఖ్యమైన పొరపాటు. 2020లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ, ఏ రోజు వేసుకోవాలో రోగితో కలిసి నిర్ణయించి, ఆ రోజు పేరును పూర్తిగా వ్రాయమని చెప్పింది. మా నర్సమ్మ చేసినది అదే.

మన భాషలో ఈ జాగ్రత్త మరీ అవసరమనిపిస్తుంది. ‘వారం రోజులు’ అంటే ఏడు దినాలు; ‘ఇవాళ ఏ వారం?’ అంటే ఒక దినం పేరు. ఒకే మాటకు రెండు అర్థాలున్న చోట శ్లేష కావ్యానికి అలంకారం కావచ్చు గాని, మందుల చీటీకి ప్రమాదం.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలలో ఉపచారజ్ఞతను, అంటే సేవ చేసే విధానం తెలిసి ఉండడాన్ని, మొదట పేర్కొన్నాడు. రోగికి ఉండవలసిన వాటిలో మొదటిది స్మృతి, జ్ఞాపకశక్తి. చదివినప్పుడు ఈ రెండింటికీ ఉన్న సంబంధం నాకు తట్టలేదు. రోగికి స్మృతి కలిగేలా చెప్పడం కూడా ఉపచారజ్ఞతలో భాగమేనని ఆ రోజు తెలిసింది.

సుబ్బారావు గారి గురించి ఇకపై ఎవరికి చెప్పినా ఆ నర్సమ్మను తలచుకోకుండా ముగించలేను. ప్రయోగశాలలో పుట్టిన మందు రోగి ఇంట్లో సరైన రోజున, సరైన మోతాదులో నోటికి చేరినప్పుడే ఆ శాస్త్రవేత్త శ్రమ ఫలిస్తుంది. ఆ చివరి అడుగు వేయించేది ఆమె.

ఇక నా సంగతి. ‘అర్థమయిందా?’ అని అడిగి, పిల్లలు తలలూపగానే పుట మూసివేసిన రోజులు నా ఉద్యోగంలో ఎన్నో. ఆ తలలలో ఎన్నిటికి నిజంగా అర్థమయిందో!

స్వస్తి.