బండిలో పాట, బండిలో పుస్తకము

నిమిషమునకు 33 చుట్లకు కొంచెము మించి మాత్రమే తిరుగుచు, ఒక్కొక్క ముఖమున చాలసేపు వినిపించు గ్రామఫోను రికార్డు లోకములో నిలదొక్కుకొన్నది సంగీతము వలన గాక పుస్తకము వలననని ఈ నడుమ చదివి నేను పరమానందభరితుడనైతిని. అమెరికాలో 1934 నుండియే అంధుల నిమిత్తము గ్రంథములను చదివించి అట్టి రికార్డులలో నింపుచుండిరి. సంగీతప్రియుల యిండ్లలో ఆ మందగమనము కుదురుకొనుటకు 1948 వరకు ఆగవలసి వచ్చినది.

కన్నులున్నవారు పదునాలుగేండ్లు వెనుకబడి అందుకొన్న ఈ సౌఖ్యమును మోటారుబండి ఎక్కింపవలెనను కోరిక, ఆ 1948 నాటి రికార్డును రూపొందించిన బృందమునకు నాయకుడైన పీటర్ గోల్డ్‌మార్క్‌కే కలిగినది. 1956 నాటి క్రైస్లర్ కార్లలో డాష్‌బోర్డు క్రింద ఏడంగుళముల రికార్డు తిరుగు యంత్రము నొకదానిని అమర్చిరి. దాని వేగము మునుపటిదానిలో సగమగుటచే, ముఖమునకు ముప్పావుగంట సంగీతమైనను గంటసేపు వాచకమైనను పట్టెడిది. అయితే ఆ కొలతకు రికార్డులు చేయు సంస్థ ఒక్కటియే యగుటచే వినుటకు దొరకునది స్వల్పమై, కొద్ది యేండ్లకే ఆ వేడుక ముగిసినది.

విచిత్రమేమనగా, అదే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సు పడవపందెమున స్వర్ణపతకము గెలిచిన డువాల్ హెక్ట్ అను నతడు, కాలిఫోర్నియాలో ఉద్యోగమునకై దినదినము చేయవలసి వచ్చిన సుదీర్ఘమైన కారు ప్రయాణముతో విసిగి, 1975లో పుస్తకములను ఆసాంతము చదివించి క్యాసెట్లుగా అద్దెకిచ్చు ‘బుక్స్ ఆన్ టేప్’ సంస్థను నెలకొల్పెను. అంధులకై పుట్టిన విద్య తెడ్డు వేసినవాని చలువచే బాటసారులకు దక్కినది!

ఇక మన దారికి వత్తము. సాలూరు కనుమ మీదుగా ఉప్పుమూటల యెద్దులను తోలుకొని లంబాడీలు ఛత్తీస్‌గఢ్ సీమకు ఎక్కిపోయిన శతాబ్దములను నేనొక్క వాక్యమున దాటివేయుచున్నాను. పాఠకులు క్షమింతురు గాక. 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినది మొదలు ఆ సీమలోని భిలాయి ఉక్కు కర్మాగారమునకు పనికై వచ్చిన తెలుగువారు, కాలక్రమమున కోహ్కా వంటి పేటలలో ఇండ్లు కట్టుకొని స్థిరపడినను, పండుగకో పెండ్లికో ఊరికి పోక మానలేదు. రాయపూర్, ధమ్తరీ, కాంకేర్, కేశకాల్ కనుమ, కొండగావ్, జగదల్పూర్, జయపురము, కొరాపుట్, సాలూరు, విజయనగరము: ఇదియే ఆ రోడ్డు. రాయపూర్, విశాఖపట్టణముల ఆకాశవాణి కేంద్రములు రెండును 1963లోనే వెలసినవి. నడుమ జగదల్పూర్ కేంద్రము 1977లో మొదలైనది. కారులో రేడియో ఉన్నవానికి ధమ్తరీ దాటువరకు హిందీ వార్తలు, కేశకాల్ మలుపులలో గరగర, బస్తరులో హల్బీ గోండీ పాటలు, సాలూరు దిగునప్పటికి తెలుగు లలితగీతము. ఎవ్వరును కోరకయే, మీట త్రిప్పినంతనే, నాలుగు భాషలు చెవిని బడెడివి.

కాని నా మనసు నిలుచునది క్యాసెట్ల కాలము మీదనే. ఫిలిప్స్ వారు 1963లో లోకమునకు చూపిన ఆ చిన్ని పెట్టె, ఎనుబదుల నాటికి మన లారీలలో, టాక్సీలలో, రాత్రి బస్సులలో రాజ్యమేలినది. అరువది నిమిషముల ఖాళీ క్యాసెట్టును, పాటల చీటీని దుకాణదారు చేతికిచ్చినచో, సాయంత్రమునకు నింపి యిచ్చెడివాడు. చీటీలోని పాటలు ముగిసి టేపు మిగిలినచో, ఆ కొసలో తనకు నచ్చినదేదో తగిలించెడివాడు. మనమడుగని ఆ కొసరు పాటయే పలుమారు మనకు ప్రాణమగుచుండెను. టేపు చుట్టుకొని పోయినప్పుడు బండి ప్రక్కకాపి, పలకల పెన్సిలును చక్రపు రంధ్రములో దూర్చి, నల్లని నాడాను మడతపడకుండ మెల్లమెల్లగా లోనికి త్రిప్పుకొనుట ఆనాటి ప్రయాణములలో అంతర్భాగము. 1974లో స్వర్గస్థుడైన ఘంటసాల కడపట పాడిన భగవద్గీత, శ్లోకమునకు వెంటనే తెలుగు తాత్పర్యముతో, పుస్తకము పట్టని డ్రైవర్లకు సైతము కంఠస్థమైనది. 1977 నాటి ‘దానవీరశూర కర్ణ’ సినిమా సంభాషణలు పాటలతో సమానముగ మారుమ్రోగినవి. మనకు వినెడి పుస్తకమనగా తొలుదొల్త ఇవియే యని నా అభిప్రాయము.

ఇంక భిలాయికి ఉత్తరమున కొలది మైళ్లలో గనియారీ గ్రామమున పుట్టిన, పాండవుల కథను పాటగా చెప్పు పండవానీ గాయని తీజన్ బాయి సంగతి చెప్పక ముగింపరాదు. పదమూడవ యేట చంద్రఖురీ గ్రామమున పది రూప్యములకు తొలి కథ చెప్పి, పిమ్మట ఉక్కు కర్మాగారమున ఉద్యోగినియై, 2019లో పద్మవిభూషణ్ పొందిన ఆమె చేతి తంబూరా ఒక క్షణమున భీముని గద, మరుక్షణమున అర్జునుని విల్లు. ఆమె వాక్యమునకు ‘ఊ’ కొట్టుచు మధ్యమధ్య ప్రశ్నించెడి సహగాయకుని వినిన తెలుగువానికి బుర్రకథలోని వంతలు గుర్తురాక మానరు. ఆమె పాడు ఛత్తీస్‌గఢీ భాష సగమే తెలిసినను, కథ పూర్తిగా తెలిసినదే. అందుచే దారిలో వినుటకు పండవానీ మిక్కిలి అనువైనది.

ఇప్పుడు ఫోనులో పాటలకు లోటులేదు, తెలుగు శ్రవణపుస్తకములును దొరకుచున్నవి. లోటైనది అడుగనిది వినబడుట. నిన్న మెచ్చినదానినే పోలినదానిని నేడు వడ్డించు యంత్రము, కేశకాల్‌లోను కోహ్కాలోను ఒక్కటియే వినిపించుచు, దారికి స్వరము లేకుండ చేసినది. తన రుచిని తానే చప్పరించువాడు క్రొత్త రుచి నెరుగడు. కావున ఊరికి బయలుదేరునప్పుడు అందరును ఒక గంటసేపు తమ జాబితాను ఆపివేయుదురు గాక. డ్రైవరును ‘నీకు నచ్చినది పెట్టు నాయనా’ యని అడుగుదురు గాక. బస్తరులో నున్నంతసేపైనను జగదల్పూర్ కేంద్రమును పట్టుకొందురు గాక.