డోలు మోతలో దాగిన కథ



పక్క వీధిలో డోలు మోగగానే కిటికీ తలుపు వేసుకోవడం మన పట్నం ఇళ్లలో కొత్త అలవాటేమీ కాదు. జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, బొగ్గు గనుల క్వార్టర్లు లేచిన భూపాలపల్లి అయినా సరే, ఎవరింట్లోనో మల్లన్న పట్నం వేయిస్తున్నారంటే, "ఇంకేం, ఈ రాత్రికి నిద్ర లేనట్టే" అనుకునేవాళ్లం మనలో చాలామందిమి వున్నాం. ఆ మోతకు ఒగ్గు కథ అని పేరు. చదువుకున్నవాళ్లు దాన్ని చాలాకాలం సంగీతం కింద జమకట్టలేదు. ఎందుకు కట్టలేదో, మళ్లీ ఎట్లా కట్టారో ఇవాళ చెప్పుకుందాం.

ఒగ్గు అంటే శివుడి చేతిలో వుండే డమరుకం. దాన్ని పట్టుకుని మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పే పూజారులు ఒగ్గువాళ్లు. ఎక్కువగా కురుమ, గొల్ల కుటుంబాలవాళ్లు. పట్నం అంటే ఊరనుకునేరు! పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి రంగులతో దేవుడి ముందు వేసే పెద్ద ముగ్గు అది. మనం వాకిట్లో వేసే ముగ్గుకు పెద్దక్క అనుకోండి. సంక్రాంతి మొదలు ఉగాది దాకా కొమురవెల్లిలోనూ, ఐనవోలులోనూ ఈ పట్నాలు వేస్తారు. 2016 అక్టోబరు దాకా ఈ మూడు ఊళ్లూ, కొమురవెల్లీ, ఐనవోలూ అన్నీ ఒక్క వరంగల్లు జిల్లాయే గదా. అంచేత ఆ డోలు వినని ఊరు ఇక్కడ లేదనే చెప్పాలి.

మరి వింటూనే వున్నా మనకెందుకు పట్టలేదు? నాకు తోచేది చెబుతాను. పాట అంటే పల్లవి, రెండు చరణాలు, మూడు నిమిషాల్లో ముగింపు అని సినిమా మన చెవికి నేర్పింది. ఒగ్గు కథలో అవి వెతికితే దొరకవు. ప్రధాన కథకుడు మాట్లాడుతూ మాట్లాడుతూ రాగంలోకి జారిపోతాడు. ఎక్కడ మాట ఆగిందో, ఎక్కడ పాట మొదలైందో గీత గీసి చూపించలేం. వంతపాటగాడు మాట అందుకుని ఊ కొడతాడు, అడ్డం తిరిగి ప్రశ్న వేస్తాడు, నవ్విస్తాడు. భుజం మీది గుడ్డ నెత్తిన కప్పుకోగానే ఆ కథకుడే గొల్ల కేతమ్మ అవుతాడు, గుడ్డ తీసేస్తే మల్లన్న. డోలుకు ఒకవైపు పుల్ల, ఒకవైపు చెయ్యి. తాళం, కంజీర, నఫీర తోడు. కథ కోపానికొస్తే దెబ్బ బిగుస్తుంది, ఏడుపుకొస్తే సడలుతుంది. రాగం కోసం చెవి ఒగ్గి కూర్చున్నవాళ్లకు ఇదంతా ఒకటే రొద. దెబ్బను పట్టుకున్నవాళ్లకు మాత్రం అందులోనే కథంతా వుంది.

ఇటువంటి పొరపాటు మనమే చేశామనుకోకండి. అమెరికాలో మైల్స్ డేవిస్ అని పేరుమోసిన ట్రంపెట్ విద్వాంసుడు వుండేవాడు. అక్కడి నల్లజాతివారి సంగీతమైన జాజ్‌లో ఆయనది మొదటి వరస. 1972లో "ఆన్ ది కార్నర్" అని ఒక రికార్డు విడుదల చేశాడు. వీధి మూల అని దాని అర్థం. వీధి కుర్రాళ్లు చిందులేసే ఫంక్ అనే సంగీతపు దెబ్బను జాజ్‌తో కలిపి, మన సితారు, తబలా కూడా చేర్చాడు. తబలా వాయించినవాడు బెంగాలీ, బాదల్ రాయ్. ఒకే దెబ్బ తిరిగి తిరిగి వస్తుంది. పాట ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో తెలియదు. అట్ట మీద వాద్యకారుల పేర్లు కూడా వేయలేదు. అంతవరకు ఆయన్ని నెత్తిన పెట్టుకున్న విమర్శకులే ఇదేం సంగీతమని మొహం తిప్పుకున్నారు. ఆయన 1991లో పోయాడు. ఆ తరువాత, ముఖ్యంగా యంత్రాలతో లయలు అల్లే కొత్త తరం వచ్చాక, మా దారి ఈయన ముందే వేశాడే అని జనం గుర్తించారు. 2007లో ఆనాటి రికార్డింగులన్నీ ఆరు డిస్కుల పెట్టెగా వచ్చాయి. అందులో ప్రతి నిమిషమూ బంగారమని నేననను. కొన్నిచోట్ల విసుగే పుడుతుంది. అయినా బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ గంటసేపు ఒకే అడుగు వేసిన మనకు, దెబ్బ మళ్లీ మళ్లీ రావడంలోని రుచి ఒకరు చెప్పాలా?

ఇక మన ఒగ్గు దగ్గరికి వద్దాం. పల్లెపాట పరిశోధనకు తగిన వస్తువేనని చూపించినవారు బిరుదురాజు రామరాజుగారు. అప్పటి వరంగల్లు జిల్లా దేవనూరు ఆయన సొంతూరు. "తెలుగు జానపదగేయ సాహిత్యము" అనే ఆయన గ్రంథం 1958లో అచ్చయింది. అది పండితుల తలుపు తెరిచింది. చూసేవాళ్ల తలుపు తెరిచినవాడు మాత్రం జనగామ పక్కన మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్యగారు. 1935లో పుట్టాడు. గుడి ముందూ, ఇంటి ముంగిట్లోనూ వుండే కథను వేదిక మీదికీ, రేడియోలోకీ తెచ్చాడు. ఆడవేషం గొంతులో ఆయన పలికించిన దుఃఖం విన్నవాళ్లు మరిచిపోలేదు. 2014 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం ఇచ్చారు. అప్పటికి ఆయన వయస్సు ఎంతో లెక్కేసుకోండి! డెబ్బయి తొమ్మిది. 2017లో కన్నుమూశారు.

వేదికెక్కడంతో లాభంతోపాటు నష్టమూ వచ్చింది. రాత్రుళ్ల కొద్దీ సాగే కథ గంటలో ముగించాలి. పట్నం లేదు, మొక్కు లేదు. ఇప్పుడు బోనాల ఊరేగింపుల్లో ఒగ్గు డోలు జట్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి వాయిస్తుంటే అందరం ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్నాం. చూడముచ్చటే, కాదనను. కాని అక్కడ కథ ఏదమ్మా? కేతమ్మ ఏది?

వచ్చే సంక్రాంతి తరువాత ఏదో ఒక ఆదివారం కొమురవెల్లికో, ఐనవోలుకో వెళ్లండి. దర్శనం కాగానే బస్సుకోసం పరుగెత్తకండి. పట్నం వేసేచోట, డోలు పట్టినవాడి పక్కగా కూర్చోండి. మొదట పుల్ల దెబ్బ ఒక్కటే వినండి. అది చెవికి పట్టాక రెండోవైపు చెయ్యి ఏమంటున్నదో వినండి. పిల్లల్ని వెంట తీసుకెళ్తే వంతపాటగాడికి దగ్గరగా కూర్చోబెట్టండి, వాళ్లకు ముందు అర్థమయ్యేది ఆయనే.