జర్నలిస్టు జీతం వార్త కాదా?

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పేపర్లు తిరగేస్తే ఊళ్ళో అందరి సమ్మెలూ దొరుకుతాయి. ఆ పేపర్లో పనిచేసేవాళ్ళ గొడవ మాత్రం భూతద్దం పెట్టి వెతకాల్సిందే. మరి ఫేస్‌బుక్కులో రాసుకోక ఏం చేస్తారు?

చట్టం లేక కాదండీ. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955లోనే వచ్చింది. మజీఠియా వేతనాలు 2011 నవంబరు 11న నోటిఫై అయ్యాయి. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకెక్కి 2014 ఫిబ్రవరి 7న ఓడిపోయాయి. అయినా చాలామంది ఇవ్వలేదు. పైగా 'పాత జీతమే చాలని సంతకం పెట్టారుగా' అన్నారు! (మన బాండ్లు గుర్తొచ్చాయా?) ఆ సంతకాలు చూపించి జీతం తగ్గించడం కుదరదని 2017 జూన్ 19న కోర్టు తేల్చింది. కానీ కావాలని చేసిన ధిక్కారం కాదంటూ యజమానుల్ని వదిలేసింది. బకాయిలూ, బదిలీలూ, తొలగింపులూ లేబర్ అధికారుల దగ్గర తేల్చుకోవాలట.

అంటే నాంపల్లి కోర్టు వాయిదాల గురించి రాసే రిపోర్టరు, తన వాయిదాలకి తనే తిరగాలన్నమాట. అది ట్వీట్ చేస్తే మాత్రం సంస్థ పరువు పోతుందట!